గడ్డపార ముట్టనివ్వని ఊరు

కరోనా సద్దుమణిగి తరగతులు మళ్లీ నిండిన ఏడాది, డిసెంబరులో, నన్ను కరీంనగర్ నుంచి ఖానాపూర్ వైపు ఒక డిగ్రీ కాలేజీకి బదిలీ చేశారు. అర్థశాస్త్రం చెప్పడం నా ఉద్యోగం. విద్యార్థి సేవా విభాగం అదనపు బాధ్యత. దానికి అదనపు జీతం లేదు, చాకిరీ మాత్రం బోలెడు. నిజం చెప్పొద్దూ, నాకు ఆ చాకిరీయే ఇష్టం.

విదేశాల్లో జరిగే యువజన సేవా శిబిరాలకు విద్యార్థులు ఎలా వెళ్తారని ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. మేం పంపిన కార్యక్రమంలో పద్ధతి ఇది. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లు కాలేజీ ద్వారా దరఖాస్తు చేసి, వీడియోలో ఇంటర్వ్యూ ఇవ్వాలి. నెగ్గితే ముందుగా ఇక్కడే, విదేశీ వాలంటీర్లు వచ్చే ఒక శిబిరాన్ని నడిపించాలి. తమతో నిజంగా పని చేయించారని ఆ వాలంటీర్లు చెబితేనే బయటి దేశపు శిబిరంలో చోటు. అక్కడ తిండి, బస ఇస్తారు. జీతం ఉండదు.

ఆ ఏడు ఇంటర్వ్యూ నెగ్గింది చివరి ఏడాది చదువుతున్న స్వప్న. వాళ్ల బాపు మస్కట్‌లో పనిచేస్తాడు కనుక ఆ ఇంట్లో పాస్‌పోర్టు కొత్త వస్తువేమీ కాదు. జీతం లేదన్న మాటే కొత్త.

"జీతం లేకుండ దేశం పోవుడేంది సారూ?" అని వాళ్లవ్వ, అంటే అమ్మ, నన్ను నిలదీసింది.

"గిది నేర్సుకునేటందుకు అవ్వా. జీతానికి తర్వాత పోత," అని స్వప్నే ఆమెను ఒప్పించింది. ఈ అవకాశం విద్యార్థులకు మాత్రమే. ఆ ఏడాది తప్పితే ఆమెకు మళ్లీ రాదు.

శిబిరం స్వప్న వాళ్ల ఊళ్లోనే పెట్టాం. రెండు వారాలు ఇంటింటికీ ఇంకుడు గుంతలు తవ్వాలి. యోనాస్ అనే పొడుగాటి జర్మనీ కుర్రాడు, అతనితో మరికొందరు యువతీయువకులు దిగారు. ఊరు వాళ్లకు బొట్టు పెట్టి, బగారన్నం, నాటుకోడి కూర పెట్టింది. మర్నాడు యోనాస్ గడ్డపార ఎత్తాడో లేదో, సర్పంచ్ మల్లవ్వ వచ్చి లాక్కుంది.

"ఇంటికొచ్చిన సుట్టంతోని మట్టి తవ్విస్తమా? ఊరి ఇజ్జత్ ఏం గావాలె?"

అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి చేతికి చాయ్ ఇచ్చారు. గుంతలు బ్రహ్మాండంగా తయారవుతున్నాయి, తవ్వేది మాత్రం ఊరివాళ్లు! మా పని ఎప్పుడు మొదలవుతుందని యోనాస్ మర్యాదగా అడిగితే నాకు తల కొట్టేసినట్టయింది. ఊరందరినీ పోగుచేసి శ్రమ గౌరవం మీద గంభీరంగా ఉపన్యాసం దంచాను. అందరూ చప్పట్లు కొట్టి నాకూ ఒక కుర్చీ తెప్పించారు.

స్వప్న కళ్లలో నీళ్లు తిరిగాయి. "గిట్లయితే నా పని ఖతం సార్. తిని కూసున్నమని చెప్తరు వీళ్లు." ఉన్నట్టుండి తలెత్తింది. "మొదటి బంతిల కూసుండవెట్టినంక పనెట్ల జెయ్యనిస్తరు సార్? తప్పు మనదే!"

బంతి అంటే భోజనాల వరస. మా వైపు మొదటి బంతి చుట్టాలది. ఇంటివాళ్లు వడ్డించి ఆఖరున తింటారు.

మరునాడు మధ్యాహ్నం స్వప్న ఊరందరినీ బడి వరండాలో కూర్చోబెట్టింది. యోనాస్‌కు పచ్చి పులుసు గిన్నె ఇచ్చి, వద్దన్నా వెయ్యాలని చెప్పి, కొంచెమే అనే అర్థంలో "జర్రంత" అన్న ఒక్క మాట నేర్పింది. అతను ఆ మాటే అంటూ విస్తరాకులు చెరువులు చేశాడు. మల్లవ్వ చాలన్నట్టు చెయ్యి అడ్డం పెడితే, ఆ చేతి మీదే పోశాడు. మోచేతి దాకా పులుసు! స్వప్న ముఖం పాలిపోయింది.

మల్లవ్వ చెయ్యి చూసుకుంది, అతన్ని చూసింది, పకపకా నవ్వింది. "మా చిన్నోడు గూడ గిట్లనే మీద పోస్తడు!"

వాలంటీర్లు ఆఖరి బంతిలో తిన్నారు. యోనాస్ చెయ్యి కడుక్కుని అలవాటుగా కుర్చీ వైపు నడిచాడు. వెనక నుంచి మల్లవ్వ కేక. "ఓ పొడుగోడా! తిన్నవ్ గద, మల్ల కుర్చేంది? గడ్డపార అందుకో!"

ఆ కేక విన్నప్పుడు కలిగిన సంతోషం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు. స్వప్న గంతేసింది. ఆ తర్వాత వాలంటీర్లకు తిట్లే తిట్లు, పనే పని. వెళ్లేటప్పుడు అందరూ అరచేతుల బొబ్బలు గర్వంగా చూపించి, ఈ అమ్మాయి మమ్మల్ని కూర్చోనివ్వలేదని చెప్పారు. స్వప్నకు చోటు ఖాయమైంది.

ఎండాకాలంలో ఆమె వెళ్లింది విదేశంలో ఒక కొండ ఊరికి, అడవి బాటలు బాగుచేసే శిబిరానికి. అక్కడి నుంచి ఫోన్ చేసింది. "వచ్చుడు వచ్చుడే వంటింట్ల జొర్రి గరిటె పట్టిన సార్. తెల్లారి పార ఇచ్చిండ్రు!"

రిటైరయ్యేదాకా నా శిబిరాలన్నిటిలో మొదటి కార్యక్రమం ఊరివాళ్లకు వాలంటీర్లు వడ్డించడమే. ప్రారంభ సభను రెండోదిగా పెట్టాను. మట్టి పనికీ వడ్డనకూ సంబంధమేమిటని పై అధికారి ఒకసారి సంజాయిషీ అడిగారు. చుట్టానికి ఎవరూ పార ఇవ్వరని చెప్పాను.