మూడింటికి ఆగే సర్వర్

హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంలో పుట్టి, పాలిటెక్నిక్ చదివి, ఎనిమిదేళ్ళుగా కంప్యూటర్ ముందు కూర్చుంటున్న మొయిన్‌కి దేనికీ మనసు కదలడం మానేసి చాలా కాలమైంది. జీతం పెరిగినా, తిట్లు పడినా ఒకటే ముఖం. ఉప్పు లేని కూర వడ్డించినా తెలియదని భార్య అలీనా నిష్ఠూరమాడేది. ఒకసారి నిజంగానే వడ్డించింది. తినేసి లేచాడు.

నయాపూల్ దగ్గర శ్రీహరిరావు నడిపే రక్తపరీక్షల ల్యాబులో అతని ఉద్యోగం. ఆరు శాఖలు ఫోను లైన్ల మీద రిపోర్టులు అడిగితే పంపే సర్వర్ ప్రోగ్రాం అతను రాసిందే. ఆ యంత్రాన్ని కనిపెట్టుకుని ఉండేది జహీరా, మొయిన్ అక్కలా భావించి ‘ఆపా’ అని పిలిచే మనిషి. భర్త పోయాక ఇద్దరు పిల్లల్ని ఆ జీతంతోనే సాకుతోంది. ఒంటిగంటకు శాఖలన్నీ భోజనానికి మూసేవాళ్ళు. జహీరా కూడా వేడెక్కిన యంత్రాన్ని ఆపి, గదికి తాళం వేసి, అన్నం డబ్బా విప్పేది. రెండింటికి వచ్చి మళ్ళీ నడిపించేది. ఎనిమిది నెలలు ఏ గొడవా లేదు.

2002లో రంజాన్ వచ్చింది. భోజన విరామం వద్దు, ఉపవాసం విడిచే ఇఫ్తార్ వేళకి ఇళ్ళకు పోతామని సిబ్బంది అడిగారు. రావు సరేనన్నాడు. మొదటి ఉపవాసం, అంటే మొదటి రోజా నుంచే మధ్యాహ్నం మూడింటికి సర్వర్ మొండికేసింది. కొత్తగా అడిగిన ఏ శాఖకీ జవాబివ్వదు. జహీరా ఆపి మళ్ళీ వేస్తే నడుస్తుంది.

“ఉపవాసంతో ఆవిడకి కళ్ళు తిరిగి ఏదో నొక్కేస్తోందయ్యా. నీ ప్రోగ్రాం బాగానే ఉందా?” అన్నాడు రావు.

“ఠీకే ఉంది సర్.”

చూడకుండానే అన్నాడు. అదీ మన మొయిన్ నిర్వాకం.

పదో రోజా నాడు జహీరాని ఇక రావద్దన్నారు. మర్నాడు, పొద్దున మొయినే యంత్రం వేసి తాళం పెట్టిన గదిలో, సరిగ్గా మూడింటికే సర్వర్ ఆగింది. మహానుభావుడు అప్పుడు చూశాడు.

శాఖ అడిగిన ప్రతిసారీ ప్రోగ్రాం తన నకలు ఒకటి పుట్టించి పని అప్పగిస్తుంది. నకలు పని ముగించుకుని పోతుంది. కానీ ముగిసిందా అని అసలు ప్రోగ్రాం అడిగి తెలుసుకునేదాకా దాని పేరు జాబితాలో ఉండిపోతుంది. ఆ అడిగే వరుసలు ప్రోగ్రాంలో రాయడం మొయిన్ మరిచిపోయాడు. మూడయ్యేసరికి జాబితా పని ముగిసిన పేర్లతో నిండిపోయి, కొత్తది పుట్టడానికి చోటుండేది కాదు. ఇన్నాళ్ళూ జహీరా భోజనానికి యంత్రం ఆపినప్పుడల్లా ఆ జాబితా ఖాళీ అవుతూ వచ్చింది; రంజాన్‌లో భోజనమూ లేదు, ఆపడమూ లేదు. అతని తప్పును ఇన్నాళ్ళూ ఆమె అన్నం డబ్బా కప్పి ఉంచింది.

నాలుగు వరుసలు చేర్చాడు. సర్వర్ రోజంతా నడిచింది. సంతోషం కలగలేదు. సిగ్గు కలగాలని తెలుసు, అదీ కలగలేదు. లేచి రావు గదిలోకి వెళ్ళాడు.

“తప్పు నాదే సర్. మన జహీరాను మళ్ళా పిలిపించుండ్రి.”

“ఇక ఆగదుగా?”

“ఆగదు సర్.”

“మధ్యలో ఆపి వెయ్యక్కర్లేదుగా?”

“అక్కర్లేదు.”

“మరి మనిషెందుకయ్యా?” అన్నాడు రావు, కోపమేమీ లేకుండా.

సాయంత్రం మొయిన్ జహీరా ఇంటికి వెళ్ళాడు. ఆమె పిల్లల ముందు ఖర్జూరాలు పెడుతోంది.

“ఖరాబు దొరికిందా భాయ్?”

“దొరికింది ఆపా. నేను రాసినదాంట్లనే ఉండె. మీ తప్పేం లేదు.”

ఆమె కళ్ళు తడిశాయి. కొంగుతో ఒత్తుకుని నవ్వింది.

“అల్లా మెహర్బానీ! నా మీద మాట పోయింది. ఇగ ఫికర్ లేదు. రేపు ఎన్నింటికి రావాలె?”

“సర్వర్ ఇగ ఆగదు ఆపా,” అన్నాడు మొయిన్.

“మంచిదే కదా,” అంది జహీరా. కాసేపటికి ఆమె నవ్వు ఆగిపోయింది.