కెజియాకు రాసిన కట్టెలు

ఎనిడ్ హెబ్డన్ నలభై ఏళ్ళు ఒక నిప్పుకు కాపలా కాసింది. ఏ గుడి దీపమో అనుకునేరు, అంత లేదు. ఆప్లీ అని పేరుపెట్టుకున్న హెబ్డన్ల ఇంట్లో, ముందు హాల్లో, గోడలో కట్టిన నిప్పుగూడు. నూట యాభై ఏళ్ళ కిందట ఇంగ్లండు నుంచి ఓడ దిగి, ఎవరి నేల అని అడగకుండా ఈ టాస్మేనియాలో గొర్రెలు తోలుకున్న జోసయా హెబ్డన్ దాన్ని వెలిగించాడట. అప్పటినుంచి ఒక్కసారీ ఆరలేదట. ఆరలేదని చెప్పుకునే మగవాళ్ళు చాలామంది ఉన్నారు గాని, తెల్లారి అయిదింటికి లేచి బూడిద ఎత్తింది ఎవరో ఒక్కరూ చెప్పరు.

హెబ్డన్ల ఇంట్లో తరానికి ఒక ఆడపిల్ల పెళ్ళి చేసుకోకూడదు. ఇంట్లోనే ఉండిపోవాలి. నిప్పు చూడాలి, మంచాన పడ్డవాళ్ళను చూడాలి, అన్నదమ్ముల పిల్లల ముక్కులు తుడవాలి. ఇది జోసయా తాత వీలునామాలో రాసిపెట్టిన మాట. ఏటా అక్టోబరు రెండో ఆదివారం, ఆయన ఓడ దిగిన రోజని, హెబ్డన్లందరూ ఆ హాల్లో చేరతారు. ఇంటి పెద్దమగాడు నిలబడి, టోపీ తీసి, కాగితం లేకుండా అప్పజెబుతాడు: "నా కూతురు కెజియా ఈ ఇంట్లో ఉండవలెను. ఆమె గది నిప్పు ఆరకుండవలెను." అప్పుడు ఆ తరం ఆడపిల్ల లేచి ఒక దుంగ నిప్పులో వేస్తుంది. అందరూ చప్పట్లు కొట్టి, చల్లారిన గొర్రెమాంసం మీద పడతారు.

మొదటిది కెజియా. ఆమె తర్వాత హారియట్, లవీనియా, మాడ్. మాడ్ పోయిన ఏడాదే ఎనిడ్‌కు ఇరవై మూడు నిండాయి. రైల్వేలో పనిచేసే లెస్ క్విల్టర్ అనే అబ్బాయి ఆమెకోసం రెండేళ్ళు స్టేషన్‌లో ఒకే బల్ల మీద కూర్చుని ఎదురుచూశాడు. తండ్రి "వీలునామా" అన్నాడు. ఎనిడ్ మారుమాట్లాడలేదు. ఆ ఇంట్లో ఆడపిల్లలకు రొట్టె కాల్చడం నేర్పారు, గొర్రెపిల్లకు సీసాతో పాలు పట్టడం నేర్పారు, ఎదురు చెప్పడం మాత్రం ఎవరూ నేర్పలేదు. లెస్ బదిలీ చేయించుకుని సముద్రం అవతలికి పోయాడు.

ఇంటి వెనక ముళ్ళకంచె కింద ఒక మట్టిదిబ్బ ఉంది. అది కెజియా సమాధి. రాయి లేదు, పేరు లేదు. ప్రతి శనివారం ఎనిడ్ మోకాళ్ళ మీద కూర్చుని దానిమీద కలుపు తీసేది. ఏనాటికైనా తనకూ ఆ పక్కనే చోటని ఆమెకు తెలుసు. చోటు కొలిచి చూసుకుంది కూడా.

అలాంటిది పందొమ్మిది వందల డెబ్బై మూడులో ఆమె తమ్ముడు క్లెమ్‌కు ఒక గొప్ప ఆలోచన వచ్చింది. జోసయా వచ్చి నూట యాభై ఏళ్ళు. వంశవృక్షం గీయించి, వీలునామా అచ్చు వేయించి చుట్టాలకు పంచాలి. మగవాళ్ళందరూ ఉన్ని కత్తిరించే పనిలో ఉన్నారు. బడికి పోయింది నాలుగేళ్ళే అయినా ఇంట్లో ముత్యాల్లాంటి చేతిరాత ఎనిడ్‌దే.

"నువ్వు హోబర్ట్ వెళ్ళి పాత కాగితాల ఆఫీసులో అవన్నీ రాసుకురా, ఎనిడ్. బస్సులో పొద్దున వెళ్తే సాయంత్రానికి వచ్చేస్తావు."

"మరి నిప్పు?"

"బెరిల్ చూస్తుందిలే."

క్లెమ్ భార్య బెరిల్ మూతి మూడు వంకరలు తిప్పింది. "నా తలకాయ కాల్చుకోమను దాంట్లో!"

అదే భోజనాల బల్ల దగ్గర ఇంకొక మాట కూడా నడిచింది. క్లెమ్ కూతురు లినెట్‌కు పద్దెనిమిదేళ్ళు. లాన్సెస్టన్ ఆసుపత్రిలో నర్సు చదువుకు రమ్మని ఉత్తరం వచ్చింది.

"అక్టోబరు పదిహేనున చేరాలి నాన్నా. సోమవారం."

"వాళ్ళు రమ్మంటే సరిపోయిందా? మీ అత్తకి అరవై మూడు. ఆమె తర్వాత నిప్పు దగ్గర ఎవరు? నేనా కూర్చునేది?"

"కూర్చుంటే అరిగిపోతావా?"

"లినెట్! నోరు!" అంది తల్లి.

అంట్లు తోమేటప్పుడు పిల్ల మేనత్త పక్కకు చేరింది. "అత్తా, నువ్వైనా నాన్నకు చెప్పు. నువ్వు ఇష్టపడే ఉండిపోయావా?"

"ఆ మూకుడు అడుగు సరిగా తోము," అంది ఎనిడ్. ఇష్టం అనే మాట ఆమెను అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. జవాబు ఎక్కడ పెట్టిందో వెతుక్కోవాలి కదా.

గురువారాలు హోబర్ట్ బస్సు. మొదటి గురువారం ఓడ కాగితాలు దొరికాయి. జోసయా, భార్య, ముగ్గురు పిల్లలు, ఒక నాగలి, రెండు పీపాల విత్తనాలు. ఎనిడ్ ఇంటికొచ్చి పెద్ద అట్టమీద వంశవృక్షం గీసింది. మగవాళ్ళ పేర్ల కింద కొమ్మలు, కొమ్మలకు రెమ్మలు. కెజియా, హారియట్, లవీనియా, మాడ్ పేర్ల కింద ఏమీ లేదు. ఆఖరున తన పేరు రాసి, దాని కింద ఉన్న తెల్లటి జాగా వంక కాసేపు చూసింది. క్లెమ్ కొమ్మ కింద లినెట్ పేరు రాసేటప్పుడు కలం అట్టను గీరింది.

రెండో గురువారం వీలునామా. గుమాస్తా ఓకర్బీ, కళ్ళద్దాల పెద్దమనిషి, దాన్ని బల్లమీద పరిచాడు.

"చేతిరాత కోడి కెలికినట్టుంది మేడమ్. నేను చదివిపెట్టనా?"

"నాకు కళ్ళున్నాయి నాయనా," అంది ఎనిడ్. కళ్ళున్నాయి గాని రెండు గంటలు పట్టింది. ఒక్కొక్క మాటా వేలుపెట్టి చదివింది.

అందులో ఇలా ఉంది. *నా కూతురు కెజియాకు పెళ్ళయ్యేవరకు, కాని పక్షంలో బతికినంతకాలం, ఈ ఇంటి తూర్పు గది ఆమెది. ఆమె గదిలో నిప్పు ఆరకుండా నా కొడుకులు తమ చేతులతో కట్టెలు కొట్టి గుమ్మం ముందు వెయ్యవలెను. ఆమె వెళ్ళదలిస్తే రెండు పాడి ఆవులు, ఒక బండి ఇచ్చి పంపవలెను. ఎవరూ అడ్డుపెట్టరాదు.*

ఎనిడ్ మళ్ళీ చదివింది. మూడోసారి చదివి, "ఇది వేరే జోసయా హెబ్డన్‌ది అయ్యుంటుంది," అంది.

"ఆ జిల్లాలో ఆ పేరుతో ఒక్కడే ఉన్నాడు మేడమ్."

ఆ తండ్రి కూతురికి చలి తగలకూడదని రాశాడు. కొడుకులు అందులో తమకు చెప్పిన పని తుడిచేసి, మిగిలిన ముక్క పట్టుకున్నారు. కట్టెలు మొయ్యాల్సినవాళ్ళు మీసాలు దువ్వుకుంటూ నిలబడ్డారు, నిప్పు ముందు కాళ్ళు చాపుకోవాల్సిన ఆడపిల్ల బూడిద ఎత్తింది. ఆ తూర్పు గదిలో ఇప్పుడు క్లెమ్, బెరిల్ పడుకుంటారు. ఎనిడ్‌ది వంటింటి వెనక, ఒకప్పుడు జున్ను ఆరబెట్టుకున్న కొట్టు.

మూడో గురువారం ఆమెను ఎవరూ పంపలేదు, తనే వెళ్ళింది. ఓకర్బీ లాన్సెస్టన్ చర్చి పుస్తకాలు తీశాడు. వీలునామా రాసిన రెండేళ్ళకు కెజియా హెబ్డన్, ఆమోస్ టిల్లీ అనే వడ్రంగిని పెళ్ళాడింది. నలుగురు పిల్లలు. డెబ్బై దాటి బతికింది. లాన్సెస్టన్‌లోనే భర్త పక్కన పూడ్చారు.

"మరి నలభై ఏళ్ళు నేను కలుపు తీసింది ఎవరి మీద?" అంది ఎనిడ్.

"ఏమన్నారు మేడమ్?"

"ఏం లేదు. టోపీ సర్దుకుంటున్నాను."

ఏ గొర్రెలకుక్కో ఉంటుంది ఆ దిబ్బ కింద. లేదా ఏమీ ఉండదు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె కాగితాల సంచిని రెండు చేతులా పట్టుకుంది. నోరు మూసుకుంటే లినెట్ ఆ కొట్టులోకి వస్తుంది. నోరు తెరిస్తే, తన నలభై ఏళ్ళూ ఎవరూ అడగని చాకిరీ అని తన నోటితోనే అందరి ముందూ ఒప్పుకోవాలి. లెస్ క్విల్టర్‌ను ఏ వీలునామా కూడా పొమ్మనలేదని ఒప్పుకోవాలి. ఎటు తిరిగినా గోడే. బస్సు ఆగింది, డ్రైవరు రెండుసార్లు పిలిస్తే గాని ఆమె దిగలేదు.

ఇంట్లో బెరిల్ కాలిన వేళ్ళకు గుడ్డ చుట్టుకుని ఎదురొచ్చింది. "వచ్చావా తల్లీ! నీ నిప్పు నీకప్పగించాను, దండం పెడతా."

ఎనిడ్ టోపీ కూడా తియ్యకుండా వెళ్ళి దుంగ వేసింది. చేతులకు అది తప్ప ఇంకేం తెలుసు?

ఆదివారం వచ్చింది. ముప్పై ఎనిమిదిమంది హెబ్డన్లు వచ్చారు. క్లెమ్ టోపీ తీసి గొంతు సవరించుకుని అప్పజెప్పాడు. ఈసారి కొత్తగా ఒక ముక్క కలిపాడు. "నూట యాభై ఏళ్ళు నిండిన రోజున, మా అక్కతోపాటు దుంగ వెయ్యడానికి నా కూతురు లినెట్‌ను పిలుస్తున్నాను."

లినెట్ గోడకు ఆనుకుని నిలబడిపోయింది. మొహం గోడకు వేసిన సున్నంలా ఉంది.

"ఉండు, క్లెమ్," అంది ఎనిడ్. "కాగితం రాసుకురమ్మని నన్ను పంపావుగా. అది చదవనీ."

చదివింది. ఒక్క మాటా మింగలేదు. కొడుకులు కట్టెలు కొట్టాలన్న మాట దగ్గరికి వచ్చేసరికి ఎవరో కిసుక్కుమన్నారు. కెజియా పెళ్ళి, నలుగురు పిల్లలు కూడా చదివింది. బయట మాగ్‌పై పిట్ట ఒకటి అరుచుకుంటోంది.

క్లెమ్ నవ్వబోయాడు. "సరే. ఆ రాసిందేదో కెజియాకు రాశారు. నీకు రాసింది కాదుగా, ఎనిడ్?"

"కెజియాకే అయితే నా మెడకెందుకు కట్టారు?"

"అది... ఇంటి ఆచారం."

"ఆచారమైతే మొత్తం చెయ్యి. కెజియా ఒక్కదానిదే అయితే ఈ పిల్లను వదిలెయ్యి. మాకందరికీ అయితే గొడ్డలి పట్టుకో, ఆవుల్ని తోలుకురా, నా తూర్పు గది ఖాళీ చెయ్యి. రెంటిలో ఏదో ఒకటి చెప్పరా, వీళ్ళందరూ వింటున్నారు."

వెనక వరసలో వాళ్ళ పినతండ్రి కొడుకు ఒకడు, "ఆవులు నావి తీసుకుపో క్లెమ్, బాగా పాలిస్తాయి!" అని అరిచాడు. హాలంతా గొల్లుమంది. అంతమంది నవ్విన తర్వాత ఆ పిల్లను ఎవరాపగలరు? చివరికి క్లెమ్, "పొమ్మనండి. బండి మాత్రం నన్నడగొద్దు," అని గొర్రెమాంసం కోయడానికి పోయాడు. ఆ ఏడు చప్పట్లు లేవు.

సోమవారం పొద్దున లినెట్ పెట్టెతో గేటు దగ్గర నిలబడింది. ఎనిడ్ ఆప్రికాట్ జామ్ సీసా ఒకటి గుడ్డలో చుట్టి ఇచ్చింది.

"నువ్వూ రా అత్తా. ఇద్దరం గది అద్దెకు తీసుకుందాం. నిజంగా అంటున్నా."

ఎనిడ్ మట్టిరోడ్డు వంక చూసింది. బస్సు దుమ్ము దూరంగా లేస్తోంది. ఎక్కడం ఎంతసేపు? మూడు మెట్లు. మొన్న మూడు గురువారాలూ ఎక్కింది. కాని అప్పుడు సాయంత్రం తిరిగిరావడానికి ఎక్కింది.

"నా సామాను సర్దుకోలేదే," అంది.

"సర్దుకోవడానికి నీకేముంది అత్తా?"

ఆ మాటకు పిల్లే నాలుక కరుచుకుంది. ఎనిడ్ మాత్రం నవ్వింది. "అదే కదా. పో, బస్సు వచ్చేసింది. నేలమీద చెప్పుల్లేకుండా తిరక్కు."

బస్సు పోయింది. ఆమె గేటు మూసి గొళ్ళెం పెట్టింది. లోపలినుంచే పెట్టింది. ముళ్ళకంచె దాటేటప్పుడు మట్టిదిబ్బ మీద కొత్త కలుపు కనిపించింది. వంగబోయి, ఆగి, దాన్ని అలాగే వదిలేసి నడిచింది.

మర్నాడు తెల్లారి అయిదింటికి ఎనిడ్ పాదాలు వాటంతటవే నేలమీదికి దిగాయి. నలభై ఏళ్ళ అలవాటు, వాటికి వీలునామా చదవడం రాదు. ఆమె మంచం అంచు రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. లేవకుండా కూర్చోవడం ఇంత కష్టమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెక్కనేల చలి మడమల్లోకి ఎక్కుతోంది. హాల్లో నిప్పు సన్నబడుతున్న సంగతి గోడ ఇవతలినుంచే ఆమెకు తెలుస్తోంది.

అయిదున్నరకు బెరిల్ గొంతు. "క్లెమ్! హాలు మంచుగడ్డలా ఉంది! మీ అక్క లేవలేదు!"

చాలాసేపటికి పెరటి తలుపు కిర్రుమంది. కట్టెల గుట్ట దగ్గర గొడ్డలి దెబ్బ ఒకటి. ఒక బూతు. ఇంకొక దెబ్బ. అడుగులు దగ్గరకొచ్చి, ఆమె కొట్టు గుమ్మం ముందు కట్టెలు దభీమని పడ్డాయి.

"ఇదుగో! చాలా?" అన్నాడు క్లెమ్ బయటినుంచి.

ఎనిడ్ ఆ కొట్టు నాలుగు గోడలూ చూసింది. ఆ గదిలో నిప్పుగూడే లేదు. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఎవరికీ తట్టలేదు, ఆమెకూ తట్టలేదు.

"చాలవు," అంది మంచం అంచు వదలకుండా. "అవన్నీ ఎత్తి తూర్పు గది ముందు వెయ్యి. నేనొస్తున్నా."