బరువుల పుస్తకం

నా చిన్నప్పుడు, తొమ్మిదో తరగతిలో, మా క్లాసు లీడరంటే నాకు పడేది కాదు. పడకపోవడానికి కారణం ఉంది. బడిలో బరువులు తూచిన రోజు నన్ను మిషను మీద నిలబెట్టి, "డెబ్బై రెండు. గుమ్మి నిండింది," అని అందరికీ వినబడేలా చదివింది. వడ్లు పోసుకునే గుమ్మినట నేను. క్లాసంతా నవ్వింది. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు నుంచి అన్నం మానేశాను. సన్నబడి దాని ఎదుట నిలబడాలని పంతం. నాలుగో రోజు ప్రార్థనలో కళ్ళు తిరిగి పడిపోయాను. కళ్ళు తెరిచేసరికి లీడరు నవ్వుతోంది.

పక్కింటి అక్క ఇంటర్ చదివేది, నాలాగే లావు. ఆదివారాలు నాలాంటి నలుగురు పిల్లల్ని ఇంట్లో కూర్చోబెట్టుకునేది. ఏం తిన్నారో ఎవరికి వాళ్ళే చెప్పాలి, ఎవరూ నవ్వకూడదు. పొద్దున కడుపు మాడ్చుకుని ఇంటర్వెల్లో మిర్చి బజ్జీల మీద పడతామని వాళ్ళ నోటితోనే చెప్పించింది. ఆ వారం నన్నూ పిలిచి, ఉడికిన శనగలు తాలింపు వేసి గుడాలు పెట్టింది. నేను ముట్టలేదు.

"నన్ను సుత అన్నరు. నాకు గిప్పటికీ కోపం పోలే. గని ఆ కోపం అన్నం మీద తీసుకోలే," అంది అక్క. "ముందు తిను. దాని సంగతి తర్వాత జూద్దాం."

ఏడుస్తూనే తిన్నాను. ఆ తర్వాత ఏ పూటా మానలేదు.

మళ్ళీ తూకం వేసే రోజుకు, మా బడిలోనే చదివి వెళ్ళిన అక్క హెడ్ మేడంతో మాట్లాడి ఆ పని మా ఆదివారం పిల్లలకే ఇప్పించింది. బరువులు రాసే పుస్తకం నా చేతిలో పెట్టి, "ఇగ నీ ఇష్టం," అని పక్కకు జరిగింది.

లీడరు మిషనెక్కింది. సెలవుల్లో అదీ బాగా ఒళ్ళు చేసింది. ముల్లు చూసుకోగానే మొహం పాలిపోయింది. అంకె నా నాలుక చివరే ఉంది, క్లాసంతా చెవులు రిక్కించి వింటోంది.

"చెప్పకే," అని గొణిగింది.

అరిస్తే ఒక్క నవ్వుతో అయిపోయేది. నాకది చాలదనిపించింది. అంకె రాసి పుస్తకం మూశాను.

"రాసిన. నాకొక్కదానికే ఎరుక. ఇగ పో," అన్నాను.

మొన్న కొండపాకలో ఒక పెళ్ళిలో ఆ లీడరు కనబడింది. ఇద్దరికీ జుట్టు నెరిసింది. బంతిలో నా పక్కనే కూర్చోవాల్సి వచ్చి, తల ఎత్తకుండా నాలుగు మెతుకులు కెలికి లేచిపోయింది. నేను తీరిగ్గా, కడుపునిండా తిన్నాను. కోపం నాతోనే ఉంది, అన్నం దగ్గరికి మాత్రం రానివ్వను. ఆ అంకె ఈ రోజు వరకూ ఎవరికీ చెప్పలేదు. మరిచిపోనూ లేదు.