ఎర్రనీళ్ళలో బయటపడిన రెండు తలుపుల కారు

1983లో నన్ను మదనపల్లె నుంచి తిరుపతికి బదిలీ చేశారు. హోదా మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. జనానికి అంత పొడుగు పేరు అక్కరలేదు, బ్రేకు ఇన్‌స్పెక్టరు అంటే సరిపోయేది. నిజానికి బ్రేకులు చూడటం మా పనిలో చిన్న భాగం. డ్రైవింగు పరీక్షలు పెట్టాలి, బస్సులకూ లారీలకూ ఫిట్‌నెస్ చూడాలి, ప్రమాదం జరిగితే ఆ వాహనాన్ని పరీక్షించి పోలీసులకు నివేదిక ఇవ్వాలి. పొరుగు రాష్ట్రం నంబరుతో వచ్చిన వాహనానికి మన నంబరు ఇవ్వవచ్చునా కూడదా అన్నది కూడా మేము చూసి చెప్పాలి. ఈ చివరి పనిలోనే నేనొక తప్పు చేశాను. దాని గురించే ఇది.

ఆ రోజుల్లో మా జిల్లాలో నాలుగు రాళ్ళు వెనకేసుకున్న ప్రతి ఆసామికీ ఒక అంబాసిడర్ ఉండేది. అందరికీ ఉన్నదే తనకూ ఉంటే ఇక గొప్పేముంది? అందుకని కొందరు మద్రాసు వెళ్ళి, ఎవరో వాడి వదిలించుకున్న విదేశీ కారును పట్టుకొచ్చేవాళ్ళు. దొర విడిచిన కోటు తొడుక్కుని తానే దొరనయ్యాననుకునే రకం. దాని విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో, దాన్ని విప్పి మళ్ళీ బిగించగల మెకానిక్కు జిల్లాలో ఉన్నాడో లేడో అడిగే నాథుడు లేడు. కారు పొట్టిగా నేలకు ఆనుకున్నట్టు ఉండాలి, దాని పేరు ఎవరికీ నోరు తిరగకూడదు. వాళ్ళు పెట్టే పరీక్ష అంతే.

నగరిలో పవర్‌లూమ్ షెడ్లున్న దేవరాజులు అలాంటి కారే కొన్నాడు. జర్మనీ కారు. కంపెనీ పేరు రాయను, తప్పు కంపెనీది కాదు. ఆ కంపెనీ చేసే వాటిల్లో అదే అన్నిటికంటే చిన్నదట, అక్కడ కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్ళు కొనుక్కుంటారట. నగరిలో మాత్రం దాన్ని స్పోర్ట్స్ కారు అని వీధి వీధంతా వచ్చి చూసి వెళ్ళింది. రెండే తలుపులు. లండన్ నుంచి తిరిగొచ్చిన డాక్టరు ఒకాయన వెంట తెచ్చుకున్నదనీ, పొద్దున ఆసుపత్రికీ సాయంత్రం ఇంటికీ తప్ప వేరే దారి ఎరగదనీ మద్రాసు బ్రోకరు చెప్పాడు. మా అనుభవంలో బ్రోకర్లు అమ్మే కార్లన్నీ డాక్టర్లవే. అన్ని కార్లుంటే మద్రాసు డాక్టర్లకు రోగులను చూసే తీరిక ఎక్కడిదో నాకు అర్థమయ్యేది కాదు.

దేవరాజులుకు తిరుపతిలోనూ ఒక ఇల్లుంది. ఆ చిరునామాతో దరఖాస్తు పెట్టాడు కాబట్టి, 1984లో ఒక శుక్రవారం పొద్దున కారు మా ఆఫీసుకు వచ్చింది. వెనకాలే వాళ్ళ పాత అంబాసిడర్, అందులో ఆయన అక్క, బ్రోకరు, ఒక పురోహితుడు.

ఆయన కారులోంచి దిగడం చూసి తీరవలసిన వేడుక. ఆయనకు డ్రైవింగు రాదు. పుట్టినప్పటి నుంచి కార్లలో వెనక సీట్లోనే కూర్చున్న మనిషి. డ్రైవరు పక్క సీటు గుమాస్తాలదని ఆయన లెక్క. అలాంటి మనిషి వెనక తలుపులే లేని కారు కొన్నాడు. ముందు డ్రైవరు దిగాలి, సీటు ముందుకు వంచాలి. అప్పుడు లోపలి నుంచి మొదట ఒక కాలు, తర్వాత తల, తర్వాత రెండు చేతులు బయటికొచ్చాయి. జరీ పంచె సీటు పిడికి తగులుకుంది. డ్రైవరు వంగి పంచె విడిపించేదాకా యజమాని నడుము వంచుకుని నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. మా ఆఫీసు గుమాస్తాలు నవ్వు ఆపుకోలేక ఫైళ్ళు అడ్డం పెట్టుకున్నారు. నేను పెద్దరికం కొద్దీ గోడ వైపు తిరిగాను.

డ్రైవరు పేరు మునిరత్నం. నలభై దాటిన మనిషి, సన్నగా ఉంటాడు. మొదట లారీ తోలి, తర్వాత పదిహేనేళ్ళుగా దేవరాజులు దగ్గరే అంబాసిడర్ తోలుతున్నాడు. పంచె విడిపించాక బండి అద్దం తుడుస్తూ పక్కన నిలబడ్డాడు. యజమాని బండిని యజమాని ఎదుట తప్పుపట్టడం ఆ ఉద్యోగంలో లేని పని.

తనిఖీ మొదలుపెడదామంటే పురోహితుడు అడ్డం వచ్చాడు. ముహూర్తం పదకొండు లోపలే ఉందట, ముందు పూజ కావాలట. ఇది ప్రభుత్వ ఆఫీసు, మీ పెరడు కాదన్నాను. దేవరాజులు వినలేదు. "ఐదు నిమిషాలు సారూ, మళ్ళా మీ ఇష్టం, ఎంతసేపైనా సూసుకోండి," అన్నాడు. ఒళ్ళు మండింది కానీ ఊరుకున్నాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. ఆయన అక్క పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు పళ్ళెంతో తిప్పి దిష్టి తీసి, తమ్ముడి మీది ప్రేమ కొద్దీ చెంబెడు కలిపి తెచ్చిందేమో, కారు ముందు సిమెంటు నేల మీద ఈ చక్రం నుంచి ఆ చక్రం దాకా పారబోసింది. మునిరత్నం బండిని మెల్లగా ముందుకు పోనిచ్చాడు.

నేను విసుగ్గా కింద చూస్తున్నాను. చూసినవాణ్ణి అలాగే ఉండిపోయాను.

సంగతి చెప్తాను. కారు నేరుగా వెళ్తుంటే వెనక చక్రాలు ముందు చక్రాల జాడలోనే నడవాలి. కొన్ని కార్లలో వెనక ఇరుసు కొంచెం పొట్టి. అప్పుడు రెండు పక్కలా వెనక జాడ సమానంగా లోపలికి పడుతుంది. ఇక్కడ అట్లా లేదు. ఎడమ పక్క వెనక చక్రం ఎర్ర జాడ ముందు జాడకు నాలుగు వేళ్ళు బయటికి పడింది. కుడి పక్క అదే నాలుగు వేళ్ళు లోపలికి పడింది. అంటే కారు మూతి ఒక దిక్కుకు, తోక ఒక దిక్కుకు ఉన్నాయి. నా చేతిలో టేపు, గేజీలు అన్నీ ఉన్నాయి. అవి వాడకముందే ఆవిడ దిష్టినీళ్ళు పని పూర్తిచేశాయి.

కారును తనిఖీ గుంత మీదికి ఎక్కించి కింద దిగాను. అడుగంతా చిక్కటి నల్ల రంగు. గోటితో గీకి, ఆ తర్వాత స్క్రూడ్రైవరుతో గీకాను. ముందు సీట్ల కింద, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా అడ్డంగా వెల్డింగు గీత బయటపడింది. ముందు సగం ఒక కారుది, వెనక సగం ఇంకో కారుది. ఎక్కడో ముందు నుజ్జయిన కారునూ వెనక నుజ్జయిన కారునూ సగానికి కోసి, మిగిలిన మంచి సగాలను ఒక షెడ్డులో అతికారు. అతికినవాడికి కొలత కూడా సరిగ్గా రాలేదు.

ఛాసిస్ నంబరు చూశాను. ఆ అంకెల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అచ్చు దిగుతుంది. దిద్దిన నంబరైతే ఆ అచ్చులో తెలిసిపోతుంది. ఇక్కడ ముత్యాల్లా దిగింది. ఎందుకు దిగదు, నంబరు ముందు సగంలో ఉంది, ఆ సగం అసలుదే. మద్రాసు నుంచి వచ్చిన అభ్యంతరం లేదన్న పత్రం, రిజిస్ట్రేషను పుస్తకం, అమ్మకం ఫారాలు అన్నీ ఆ సగానికి చక్కగా సరిపోయాయి. వెనక సగానికి మాత్రం ఏ కాగితమూ లేదు.

రోడ్డు పరీక్షకు మునిరత్నం పక్కన కూర్చుని రేణిగుంట దారిలో వెళ్ళాను. మోస్తరు వేగంలో బ్రేకు వేయమంటే వేశాడు. కారు ఆగింది కానీ తోక పక్కకు జరిగింది. మళ్ళీ వేయించాను, మళ్ళీ జరిగింది. ఇది నీకు ముందే తెలుసా అని అడిగాను. అతను ఇంజను ఆపి, వెనక్కి తిరిగి రోడ్డు మీద ఎవరూ లేరని చూసుకుని చెప్పాడు.

"మద్రాసు నుంచి వస్తా ఉంటేనే తెలిసింది సార్. బ్రేకు తొక్కితే ఎనక బాగం నా మాట ఇనదు. అయ్యకి సెప్తే, అంబాసిడర్ మొగానికి ఫారిన్ బండి యాడ తెలుస్తాదిరా అన్న్యాడు. వచ్చే నెల ఇంటిల్లిపాదినీ కొండకి తోలకపోవాలంట. తోలనంటే పని పోతాది, ఈ వయసులో మళ్ళా లారీ ఎక్కేది నా వల్ల గాదు. తోల్తే యా మలుపులో ఏమైతాదో. మీరే రాయండి సార్. రాసేది గట్టిగా రాయండి."

రాస్తానన్నాను.

ఆఫీసుకు తిరిగొచ్చి దేవరాజులును పిలిచి వెల్డింగు గీత చూపించాను. ఆయన గుంతలోకి దిగలేదు, పంచె మాసిపోతుందని. పైనుంచే వంగి చూసి, అది జర్మనీ వాళ్ళ పద్ధతేమో అన్నాడు. బ్రోకరు వెంటనే అందుకుని, అవును, స్పోర్ట్స్ మోడలుకు అట్లాగే చేస్తారన్నాడు. వాడి ముఖంలో సిగ్గన్నది వెతికినా కనబడలేదు. నేను నేల మీద జాడలు చూపించాను. అప్పటికే ఎండకు ఆరిపోయి స్పష్టంగా ఉన్నాయి.

"ఏం సారూ, దిష్టినీళ్ళు సూసి బండికి రోగమంటారా? ఇంత సదువు సదివింది ఇందుకేనా?" అన్నాడు దేవరాజులు.

అంతమంది ముందు అన్నాడు. నాకు తిక్క రేగింది. ఆ కోపంలోనైనా రాయవలసిన మాట రాసి ఉంటే బాగుండేది. రాయలేదు.

మా దరఖాస్తులో ఇన్‌స్పెక్టరు అభిప్రాయానికి నాలుగు గీతల జాగా ఉంటుంది. అక్కడ అన్‌ఫిట్ అని రాస్తే కథ అక్కడితో ఆగదు. కారణాలతో నివేదిక మూడు ప్రతులు, కొలతలతో పటం, పై అధికారికి ఒకటి, నంబరిచ్చిన మద్రాసు ఆఫీసుకు ఒకటి. ఆ తర్వాత ఆ కారు ఏ ఆఫీసు గుమ్మం తొక్కినా ఆ నివేదిక అడ్డం పడుతుంది. ఇంకో మాట ఉంది, మరమ్మతు చేయించి మళ్ళీ హాజరుపరచవలెను అని. దానికి ఒక్క గీత చాలు, నివేదిక లేదు, పటం లేదు. టైరులో గాలి తక్కువైనా, హారను మోగకపోయినా రాసే మాట అది.

ఒంటిగంట దాటింది. బయట ఇంకా పదకొండు లారీలు వరసలో ఉన్నాయి. నాకు ఆకలిగా ఉంది. నేను రెండో మాట రాశాను. దేవరాజులు ఎలాగూ భయపడి కారును వదిలించుకుంటాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పంచె మాస్తుందని గుంతలోకి దిగని మనిషిని చూసి పెదవి విరిచిన నేను, భోజనానికి ఆలస్యమవుతుందని పటం గీయలేదు. ఇద్దరిలో ఎవరు ఎక్కువ సోమరో నేను తేల్చను.

దేవరాజులు భయపడలేదు. కారును మద్రాసు పంపి అడుగున ఇంకో పూత నల్ల రంగు వేయించాడు. మా దగ్గరి దరఖాస్తు వెనక్కి తీసుకుని, ఈసారి నగరి చిరునామాతో ఇంకో ఊరి ఆఫీసులో పెట్టాడు. అక్కడి ఇన్‌స్పెక్టరు బానెట్టు ఎత్తి చూసి, పెన్సిలు అచ్చు తీసి, బాగుందని రాశాడు. మా ఆఫీసు నుంచి ఆయనకు ఏ నివేదికా వెళ్ళలేదు కాబట్టి ఆయనను నేను పెద్దగా అనలేను. గుంతలో దిగని ఇన్‌స్పెక్టరు అని మాత్రం అంటాను.

రెండు నెలల తర్వాత తిరుమల నుంచి దిగి వస్తూ, ఒక మలుపులో మునిరత్నం బ్రేకు వేశాడు. కారు తోక తిరిగి, మూతి పిట్టగోడకు కొట్టుకుంది. వెల్డింగు గీత దగ్గర కారు విచ్చుకుంది. వెనక సీట్లో ఉన్న దేవరాజులుకూ ఆయన అక్కకూ ఒళ్ళు గీరుకుపోయింది, అంతే. తలుపులు వెనక లేవు కనుక వాళ్ళను విచ్చుకున్న చోటి నుంచే బయటికి లాగారు. ముందు భాగం లోపలికి నొక్కుకుని మునిరత్నం కుడి మోకాలు చితికింది.

పోలీసులు పరీక్షకు పిలిచింది నన్నే. దేవరాజులు వాంగ్మూలంలో తప్పంతా డ్రైవరుదే అన్నాడు. నిర్లక్ష్యంగా తోలాడని మునిరత్నం మీద కేసు కట్టారు. నేను ఆ రోజు వెల్డింగు గురించి రెండు పేజీలు రాశాను, పటం గీశాను, కొలతలు వేశాను. చదివినవాళ్ళు ఎంత నిక్కచ్చి అధికారి అనుకుని ఉంటారు. ఆ నివేదికతో కేసు నిలవలేదు. మోకాలికి నివేదిక ఏం చేస్తుంది?

మరుసటి సంవత్సరం లైసెన్సు రెన్యువలుకు మునిరత్నం మా ఆఫీసుకు వచ్చాడు. దేవరాజులు అతన్ని ఆసుపత్రి నుంచే పనిలోంచి తీసేశాడు. అతనికి ఎవరో తెలిసినవాళ్ళు ట్రావెల్సులో పని ఇప్పిస్తామన్నారట, లైసెన్సు ఉంటే. కాలికి దెబ్బ తగిలినవాళ్ళను బండి తోలించి చూసి అభిప్రాయం రాయాలని నియమం. ఆఫీసు జీపు ఎక్కించాను. గేర్లు, క్లచ్చు, స్టీరింగు అన్నీ లెక్కగా చేశాడు, అతనంత చక్కగా చేసేవాళ్ళను నేను ఆ నెలలో చూడలేదు. ఆపమన్నాను. కుడి కాలు బ్రేకు దాకా వెళ్ళింది, తొక్కడానికి మోకాలు వంగలేదు. చేత్తో తొడ పట్టుకుని నొక్కాడు. జీపు గోడకు జానెడు దూరంలో ఆగింది.

దిగి నిలబడి నాకు దణ్ణం పెట్టాడు. "ఆ పొద్దు మీరు ఒగరే సార్ బండిని ఎనక్కి పంపించింది. నేను సెప్పిన మాట ఇన్నది గూడా మీరొగరే," అన్నాడు.

ఏం రాశానో అతనికి తెలియదు. నేను చెప్పలేదు. ఆ రోజు చెప్పే ధైర్యం లేదు, ఆ తర్వాత అతను మళ్ళీ మా ఆఫీసుకు రాలేదు.

అతని ఫారం మీద అన్‌ఫిట్ అని రాసి సంతకం చేశాను. నియమం ప్రకారం వేరే మాట రాయడానికి వీల్లేదు, రాస్తే ఇంకెవరి ప్రాణం మీదికో వస్తుంది. అర నిమిషం పట్టింది. ఆ మాట ఆ శుక్రవారం కారు దరఖాస్తు మీద రాసి ఉంటే ఒక పూట పట్టేది.

ఈ ఉద్యోగంలోకి వచ్చే కుర్రవాళ్ళు అడిగితే నేను చెప్పేది ఒకటే. గుంతలో దిగి చూసినంత మాత్రాన తనిఖీ అయిపోదు. చూసింది చూసినట్టు, దానికి తగిన మాటతో, అదే రోజు రాయాలి. భోజనం ఆ తర్వాత చేయవచ్చు.