నలభై ఒక్క ఇళ్ల జాబితా

మా వదినకు భయం ఎక్కువ. ఈ మాట ఆమె ఎదుటే అంటాను, ఆమె కాదనదు. లిఫ్టు ఎక్కదు. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చి చూస్తుంది. చూసి మళ్లీ బయల్దేరాక, తాళం సరిగ్గా పడిందా అని ఇంకోసారి వస్తుంది. మా అన్నయ్య ఆమెతో పాతికేళ్లుగా కాపురం చేస్తున్నవాడు కాబట్టి గుమ్మం దగ్గర చెప్పులేసుకుని నిలబడి పేపరు మొత్తం చదివేస్తాడు. నాకంత ఓపిక లేదు, విసుక్కుంటాను. "నువ్వు ముందు నడుస్తూ ఉండు, నేను వెనకాల వస్తాగా" అంటుంది.

పాము కరిచినవాడు తాడును చూసినా జడుస్తాడంటారు. వదినను కరిచిన పాము ఒకటుంది. పెళ్లికి ముందు ఆమె ఒక వకీలు దగ్గర టైపిస్టు. ఒక సాయంత్రం నలభై పేజీల పత్రం కొడుతూ చివరి పేజీలో ఉండగా కరెంటు పోయింది. సేవ్ చేయలేదు. తెల్లారితే కోర్టులో వేయాల్సిన పత్రం. ఆ వకీలు పదిమంది ముందు తిట్టిన తిట్లను ఆమె ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా అప్పజెబుతుంది. అప్పటినుంచి ఏ ఫైలు తెరిచినా, అందులో ఒక్క అక్షరం మార్చకపోయినా సరే, సేవ్ నొక్కనిదే మూయదు. ఆ వకీలు దగ్గరే ఇంకో విద్య కూడా పట్టుబడింది. అసలునూ నకలునూ పక్కపక్కన పెట్టుకుని, పై నుంచి కింది దాకా పంక్తి పంక్తికీ స్కేలు జరుపుతూ సరిచూడటం.

మేమిద్దరం పనిచేసేది ఇళ్లకు ఆక్సిజన్ సిలిండర్లు పంపే చోట. ముందు రెండు బల్లలు పట్టే గది, వెనక రేకుల షెడ్డు, షెడ్డులో నిండువి ఒక గోడకు, ఖాళీవి ఇంకో గోడకు. రెండు వ్యాన్లు. యజమానిని అందరం పెద్దాయన అంటాం, ఒకప్పుడు ఆసుపత్రిలో కాంపౌండరు. నేను ఫోన్లు చూస్తాను, వదిన కంప్యూటరు చూస్తుంది.

నలభై ఒక్క ఇళ్లు మా మీద ఆధారపడి ఉన్నాయి. ఏ ఇంట్లో సిలిండరు ఎప్పుడు మార్చాం, నిమిషానికి ఎన్ని లీటర్లు వెళుతోంది, ఏ గంటకు ఖాళీ అవుతుంది, ఇదంతా ఒక ప్రోగ్రాం లెక్కగట్టి జాబితా ఇస్తుంది. రాసినాయన ఎప్పుడో మానేసి వెళ్లిపోయాడు. అది నడిచే సర్వర్ మా దగ్గర ఉండదు, ఒక హోస్టింగ్ కంపెనీ దగ్గర ఉంటుంది. మిషను వాళ్లది, దాని బాగోగులు వాళ్లవి. మా చేతికి ఇచ్చింది తెర మీద ఒక పేజీ, దాని మీద నాలుగు బటన్లు.

ఆ కంపెనీ నుంచి వారం ముందు ఒక మెయిల్ వచ్చింది. ఫలానా రాత్రి మీ సమాచారాన్ని కొత్త మిషనుకు మారుస్తున్నాం, పాతదాని చిరునామా ఇది, కొత్తదాని చిరునామా ఇది, ప్రోగ్రాం ఏ మిషనును అడగాలో రాసి ఉండే సెట్టింగుల ఫైలు మేమే మారుస్తాం, పొద్దున ఆరున్నరకు ఒకసారి ఆపి మొదలుపెడతాం, మీరు ఏమీ చేయనక్కర్లేదు అని. ఏమీ చేయనక్కర్లేదన్న మాటంత భయపెట్టేది వదినకు ఇంకోటి ఉండదు. మెయిల్ మూడుసార్లు చదివింది. మార్చే రోజు సాయంత్రం ఇంటికెళ్లేముందు, ఎందుకైనా మంచిదని ఆ సెట్టింగుల ఫైలు తెరిచి ఒకసారి చూసుకుంది. అంతలో అన్నయ్య బయట హారన్ కొడుతుంటే, తెర ఒక్కటీ ఆపి లేచి వచ్చేసింది.

మర్నాడు ఆరింటికి మేం వెళ్లేసరికి రాత్రి డ్యూటీ ఆయన నా బల్ల దగ్గర సంచీ సర్దుకుంటున్నాడు. రాత్రి ఒకరింట్లో ఫ్లో రెండు నుంచి నాలుగు లీటర్లకు పెంచారు, నా ఫోన్లోంచే ప్రోగ్రాంలో ఎక్కించేశాను అని చెప్పి వెళ్లిపోయాడు. ఎవరింట్లో అని నేను అడగలేదు. ప్రోగ్రాంలో ఉంటే నా బుర్రలో ఎందుకు అనుకున్నాను. ఇంటికెళ్లి ఫోను ఆపేసి పడుకునే మనిషి, ఇల్లు చూస్తే ఊరి అవతల.

ఆరున్నరకు, మెయిల్లో రాసినట్టే, ప్రోగ్రాం ఆగింది. మళ్లీ మొదలవలేదు.

వదిన స్టార్ట్ బటన్ నొక్కింది. చిన్న గుండ్రని దీపం పసుపుపచ్చగా మారింది, ఇరవై సెకన్లు అలాగే ఉంది, ఎర్రబడింది. ఇంకోసారి నొక్కింది. మళ్లీ అంతే. మొదట నాకు కోపమే వచ్చింది, ఆ కంపెనీ వాళ్ల మీద. భయం పావుగంట తర్వాత వచ్చింది. నిన్న సాయంత్రం ప్రింటు తీసిన జాబితా బల్ల మీద ఉంది గానీ, రాత్రి ఎక్కించిన మార్పు అందులో లేదు. నాలుగు లీటర్లంటే సిలిండరు సగం కాలానికే అయిపోతుంది. నలభై ఒక్క ఇళ్లలో ఏదో ఒక ఇంట్లో ఒక మనిషికి ఊపిరి మేం అనుకున్న గంట కంటే ముందే ఆగిపోబోతోంది, ఆ ఇల్లు ఏదో మాకు తెలియదు.

నేను ఫోను పట్టుకుని కూర్చున్నాను, రాత్రి ఎవరు చేశారో చూపించని పాతరకం ఫోను. పేరు పేరునా చేసి, మీటరులో ముల్లు ఎక్కడుందో చూసి చెప్పమని అడగటం మొదలుపెట్టాను. కొందరు నిద్ర లేచి ముల్లంటే ఏంటన్నారు. ఎనిమిదిన్నర అయ్యేసరికి ముప్పై ఐదు ఇళ్లు తేలాయి, వాటిలో ఎవరూ ఫ్లో పెంచలేదు. ఆరిళ్లలో ఎవరూ ఎత్తలేదు. ఆ ఆరూ ఊరికి ఆరు దిక్కుల్లో ఉన్నాయి. ఒక వ్యాను అప్పటికే దూరం వెళ్లింది. రెండో వ్యాను డ్రైవరు ఇంజను ఆపకుండా కిటికీలోంచి అడిగాడు.

"ముందు ఏ ఇంటికి పొమ్మంటారు?"

పెద్దాయన చేతికందిన అడ్రసొకటి చెప్పి పంపేశాడు. ఆ ఆరు నంబర్లూ ఒకదాని తర్వాత ఒకటి తిప్పి తిప్పి చేస్తూనే ఉన్నాను, అవతల మోగుతూనే ఉన్నాయి.

వదిన కంపెనీవాడితో రాతల్లో మాట్లాడుతోంది. మనం టైపు చేస్తే అవతలివాడు టైపు చేస్తాడు. మా వైపు అంతా సరిగానే ఉంది అని వాడు చిలకపలుకులు పలికాడు. ఇంకోసారి స్టార్ట్ చేయమన్నాడు. చివరికి, రీఇన్‌స్టాల్ అనే బటన్ ఉంది, నొక్కితే ప్రోగ్రాం మొదటినుంచి కొత్తగా ఎక్కి లేస్తుంది అన్నాడు. పెద్దాయనకు ప్రాణం లేచొచ్చింది. నొక్కమన్నాడు. అందులో ఉన్న మా జాబితా ఏమవుతుందని వదిన అడిగింది. కంపెనీవాడు వెంటనే బదులు రాయలేదు.

"నొక్కమ్మా, ఇంకా మీనమేషాలు లెక్కపెడతావేంటి?" అన్నాడు పెద్దాయన.

"నొక్కను సార్" అంది వదిన.

ఆమె ఆయనకు ఎదురు చెప్పటం నేను అప్పటిదాకా చూడలేదు. ధైర్యంతో చెప్పలేదు. ఆయన కంటే ఆ బటన్ అంటే ఎక్కువ భయమేసింది, అంతే. నిమిషం తర్వాత జవాబు వచ్చింది. పాతవన్నీ చెరిగిపోతాయట. పెద్దాయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు.

అప్పుడు వదిన లాగ్ తెరిచింది. లాగ్ అంటే ప్రోగ్రాం లేచేటప్పుడు తను చేసే ప్రతి పనినీ రాసుకుంటూ పోయే చిట్టా. అప్పటిదాకా మేమందరం అందులో చివరి పంక్తి మాత్రమే చూశాం. ఆగిపోయింది అని అదే చెబుతోంది, ఆ సంగతి మాకూ తెలుసు. వదిన దాన్ని మొత్తం ప్రింటు తీసింది. పక్కన కంపెనీ మెయిల్ పెట్టుకుంది. సొరుగులోంచి స్కేలు తీసి, మొదటి పంక్తి మీద పెట్టింది.

ఆమె అలా నింపాదిగా స్కేలు జరుపుతుంటే నాకు అరవాలనిపించింది. అక్కడ మనిషికి ఊపిరాడట్లేదేమో, ఇక్కడ ఈవిడ ప్రూఫు దిద్దుతోంది అనుకున్నాను. రెండో పేజీ సగంలో స్కేలు ఆగింది. సమాచారం కోసం ప్రోగ్రాం ఒక మిషను తలుపు తడుతోంది, అక్కడ ఎవరూ పలకట్లేదు. ఆ మిషను చిరునామా మెయిల్లో చూస్తే అది పాతది, నిన్న రాత్రితో ఖాళీ చేసింది. సెట్టింగుల ఫైలును కంపెనీ వాళ్లే మార్చారుగా, మరి పాత చిరునామా ఎలా ఉంది? ఆ ఫైలు చివరిసారి ఎప్పుడు మారిందో వదిన చూసింది. ఆ రోజు పొద్దున ఆరూ పన్నెండుకు.

ఆమె స్కేలు పక్కన పెట్టేసింది. ఆరూ పన్నెండుకు ఏం జరిగిందో నాకూ అప్పుడే అర్థమైంది. వచ్చి తెర వెలిగించింది. ముందురోజు సాయంత్రం తెరిచి వదిలేసిన ఫైలు అలాగే ఉంది, పాత అక్షరాలతో. మూసేముందు సేవ్ నొక్కింది. కంపెనీ వాళ్లు రాత్రి మార్చిన కొత్త ఫైలు మీద మా వదిన పాతదాన్ని పరిచేసింది.

చిరునామా ఆమె వెంటనే దిద్దింది. అయినా లేవలేదు, కొత్త మిషనుకు పాస్‌వర్డ్ కూడా కొత్తదే, అది ఆ పోయిన ఫైలులోనే ఉంది. కంపెనీవాణ్ని అడిగింది. వాడు తిరిగి ఒక ప్రశ్న రాశాడు. ఈ ఫైలును మీ వైపు నుంచి ఎవరైనా మార్చారా? మార్చి ఉంటే, మా దగ్గరున్న రాత్రి నకలు ఐదు నిమిషాల్లో వెనక్కి పెడతాం. మార్చలేదంటే తప్పు మా వైపు ఉన్నట్టు, అది వేరే విభాగం చూడాలి, రెండు గంటలు పడుతుంది.

పెద్దాయన లేచి వచ్చి ఆమె కుర్చీ వెనకే నిలబడి ఉన్నాడు. అప్పటిదాకా ఆయన తిట్లన్నీ కంపెనీకే. ఆరూ పన్నెండు సంగతి ఆయనకు తెలియదు. ఫైలు మీద టైము ఉంటుంది గానీ మనిషి పేరుండదు.

నేను వంగి వదిన చెవిలో, "లేదని రాయి" అన్నాను.

ఈ మాట ఇక్కడ ఒప్పుకోకపోతే నేను రాసినదంతా దండగ. రెండు గంటలన్నది నేనూ చదివాను. అయినా ఆ క్షణంలో నాకు ఊపిరాడని ఆ మనిషి గుర్తురాలేదు. పదిమంది ముందు తిట్లు తిని పాతికేళ్లు నిద్రలో ఉలిక్కిపడిన మా వదినే గుర్తొచ్చింది.

వదిన నా వైపు తిరగలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నట్టు నొక్కి, 'నేనే మార్చాను' అని రాసింది. పంపేసి, వెనక్కి తిరక్కుండానే పైకి కూడా అంది.

"నేనే సార్. పొద్దున సేవ్ కొట్టింది నేనే."

పెద్దాయన తిన్నగా షెడ్డులోకి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

తొమ్మిదీ ఇరవై రెండుకు దీపం ఆకుపచ్చగా వెలిగింది. జాబితా వచ్చింది. పైన మొదటి ఇల్లు, నాలుగు లీటర్లు, ఖాళీ అయ్యేది తొమ్మిదీ యాభైకి. నేను ఫోను చేస్తున్న ఆరిళ్లలో అదొకటి. డ్రైవరు ఉన్నచోటి నుంచి అరగంట దారి. నేను అడ్రసు చెప్పి ఫోను పెట్టాను. వదిన గోడ గడియారం చూడలేక తల బల్లకు ఆనించుకుంది. తొమ్మిదీ యాభై దాటింది. పది దాటింది. పదీ ఐదుకు డ్రైవరు చేశాడు.

తను వెళ్లేసరికి ముల్లు సున్నా మీద ఉందట. పెద్దమనిషి మంచం అంచు పట్టుకుని ముందుకు వంగి ఎగపోస్తున్నాడట, పెదాలు నీలంగా ఉన్నాయట. సిలిండరు మార్చాక కాసేపటికి రంగు తిరిగింది, కొత్తది ఎల్లుండి దాకా వస్తుంది. రాత్రి ఫోను చేసింది కొడుకు, వాడు పొద్దున్నే పనికి వెళ్లిపోయాడు. ఇంట్లో ఉన్న ముసలావిడకు చెవులు సరిగా వినపడవు, ఫోను మోగినట్టే తెలియదు. భయపడ్డారా అని డ్రైవరు ఆవిణ్ని అడిగితే, మీరు వస్తారుగా అందట.

ఆ మాట విని వదిన ఏడ్చింది. పొద్దుటినుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది.

సాయంత్రం ఆ ఇంటికి వెళ్లాలంది. పెద్దాయన వద్దనలేదు, నేను తోడు వెళ్లాను. మేడ మీద రెండు గదులు, మెట్ల దాకా సిలిండరు బుస వినిపిస్తోంది. ముసలావిడ మమ్మల్ని కూర్చోబెట్టింది. లోపలి గదిలో ఆయన ముక్కుకు గొట్టంతో కళ్లు మూసుకుని ఉన్నాడు. వదిన చేతులు ఒళ్లో పెట్టుకుని, పొద్దున ఆలస్యానికి కారణం తనేనని చెప్పింది. ఆవిడకు వినపడలేదు. ఇంకోసారి చెప్పింది.

"గట్టిగా చెప్పమ్మా" అంది ఆవిడ, చెవి దగ్గరికి తెచ్చి.

వదిన నా వైపు చూసింది. నేను చెబుతానని అనబోయాను, తల అడ్డంగా ఊపింది. గట్టిగా ఊపిరి పీల్చుకుని, మెట్ల కింది దాకా వినిపించేంత గట్టిగా చెప్పింది. తప్పు నాదమ్మా, నా వల్లే మీ ఆయనకు గాలి ఆగింది అని. ఆవిడ తల తిప్పి ఆయన వైపు చూసింది. లోపలి గదిలో ఆయన కళ్లు తెరిచాడు.

"నాకు వినపడింది" అన్నాడు. కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "ఎల్లుండి... టైముకి రండి."

వదిన లేచి ఆ గది గుమ్మం దాకా వెళ్లింది. వస్తామండీ అని, ఇద్దరికీ వినపడేలా చెప్పింది.