అది నడుస్తది, మనం బస్సెక్కాలె

మా బిజినేపల్లి నర్సమ్మ మొన్న బుధవారం పొద్దున కన్నుమూసింది. ఫోన్ వచ్చేటప్పటికి నేను వనపర్తిలో, నేను పాఠాలు చెప్పే బడిలో ఉన్నాను. మీరు ఆమెను చూసి ఉండరు. సర్కారు నర్సుగా ఉద్యోగం చేసిందీ, రిటైరయ్యాక ఉన్నదీ మా వీధిలోనే. ఆమె నోరు మంచిది కాదని ఊళ్ళో అనేవారు. నిజమే. ఆ నోటి పుణ్యానే ఈ నాలుగు మాటలు రాయడానికి నేను మిగిలాను.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు కిరాణా కొట్టు ముందు కుక్క పిక్క పట్టుకుంది. ఇంటికొస్తే మా అవ్వ గాయానికి అద్దడానికి కారప్పొడి తెచ్చింది. అప్పట్లో చాలామంది చేసేది అదే. నా ఏడుపు విని వచ్చిన నర్సమ్మ అవ్వ చెయ్యి పట్టుకుంది.

"కారం కూరల ఎయ్యి అవ్వా, కాలుకు గాదు."

నన్ను నల్లా కింద కూర్చోబెట్టి, చేతి గడియారం చూసుకుంటూ సబ్బుతో పావుగంట కడిగింది.

"చేన్ల పల్లి పీకుతుండ్రు. రేపు దవాఖానకు తీస్కపోత," అన్నాడు నాన్న.

"కుక్క ఎంగిలిల పురుగు ఉంటది. అది నరం పట్టుకొని మెల్లగ నడుస్తది. మెదడుకు చేరిందంటే ఇగ ఎవ్వరి చేతుల లేదు. అది నడుస్తుండంగనే మనం బస్సెక్కాలె."

గంటలో నేను ఆమె ఒళ్ళో, నాగర్‌కర్నూల్ బస్సులో ఉన్నాను.

మూడో సూదికల్లా గాయం మానింది. ఇక చాలన్నాడు నాన్న.

"గాయం మానితే అది నడుసుడు ఆపిందా?" అని వాకిట్లో నిలబడి అడిగింది. సూదులన్నీ అయ్యేదాకా ఆయన్ని వదల్లేదు.

తర్వాత వనపర్తి కాలేజీలో ఆ పురుగు గురించి, అంటే రేబిస్ వైరస్ గురించి చదివాను. కండలో చేరి, నరంలోకి ఎక్కి, మెదడు కణాల చేతనే తనలాంటివాటిని లెక్కలేనన్ని చేయించుకుని, మళ్ళీ నరాల వెంటే దిగి లాలాజలంలోకి వస్తుంది. సార్ బోర్డు మీద ఆ దారి గీస్తుంటే నాకు గర్వంగా నవ్వొచ్చింది. అందులో సగం మా నర్సమ్మ నల్లా దగ్గర ఎప్పుడో చెప్పేసింది.

ఇప్పుడు మా బడి పిల్లలకు ఆమె మాటల్లోనే చెబుతాను. కిందటేడు పరీక్షలో ఒకమ్మాయి "నివారణ" కింద "సబ్బుతో పావుగంట కడగాలి. అది నడుస్తది, మనం బస్సెక్కాలె" అని రాసింది. పూర్తి మార్కులు వేశాను. ఆ పేపరు చూపిస్తే నర్సమ్మ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "రాత జర మంచిగ రాయమను" అంది.

మొన్న బుధవారం సాయంత్రం ఆమెను సాగనంపడానికి ఊరంతా వచ్చింది. ఆమె తిట్టి బస్సెక్కించినవాళ్ళు అందులో చాలామంది. నా కుడి పిక్క మీద పళ్ళ గుర్తులు రెండూ ఇంకా ఉన్నాయి. ఆ కాలితోనే ఆమె పాడె వెనకాల చివరిదాకా నడిచాను.