నా నెత్తిని నేనే ఎండబెట్టుకున్న వారం

చేపల్ని ఎండబెట్టే ఇంట్లో పుట్టి, ఆఖరికి తన నెత్తినే ఎండబెట్టుకున్నవాడు మా సముద్రపు ఒడ్డు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. ఆ ఘనుణ్ణి నేనే. అదీ ఎప్పుడు? సరిగ్గా పెళ్ళిచూపులకి నాలుగు రోజుల ముందు! ఈ సంగతి మా ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. చెప్పిన ప్రతివాడూ ఇంత ఉప్పు వేసి చెబుతాడు కాబట్టి, అసలు జరిగిందేమిటో నా నోటితో నేనే చెప్పేస్తే పరువులో కొంతైనా మిగులుతుందని నా ఆశ.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. నరసన్నపేటలో ఫ్రిజ్జులూ మిక్సీలూ అమ్మే ఏసీ షోరూములో ఉద్యోగం. ఉద్యోగం బాగానే ఉంది, ఊడుతున్నది జుట్టే. ఆటు తప్ప పోటు లేని సముద్రంలా నుదురు వెనక్కీ వెనక్కీ జరిగిపోతోంది. నడినెత్తి మీద రూపాయి బిళ్ళంత ఖాళీగా మొదలైనది కాస్తా అట్లకాడ వెడల్పుకొచ్చింది. వస్తే కొండ, పోతే వెంట్రుక అంటారు పెద్దలు. పోయేది వెంట్రుకే అయినప్పుడు మనిషి దేన్ని కట్టి లాగాలో మాత్రం చెప్పలేదు.

నా నెత్తి చూసి అప్పటికే రెండు సంబంధాలు వెనక్కెళ్ళిపోయాయి. మూడో సంబంధం మా మేనత్త తెచ్చింది. పిల్ల పేరు గౌరి. పక్క ఊళ్ళో ఎండుచేపల వ్యాపారి కూతురు. డిగ్రీ చదివి, తండ్రి సరుకంతా తనే చూసుకుంటోంది. పేరు వినగానే నా గుండె ఝల్లుమంది. ఎందుకంటే గౌరిని నేను చూశాను. రెండు నెలల క్రితం మా షాపుకి మిక్సీ కొనడానికి వచ్చి, మూత బాగోలేదని మూడు మిక్సీలు తిప్పి పంపి, నాలుగోది తీసుకెళ్ళింది; బిల్లు మీద ఆ పేరూ ఊరూ రాసింది నేనే. మిక్సీలను తప్ప నన్ను చూసినట్టు లేదు. నేను మాత్రం ఆ రోజంతా తననే తలుచుకుంటూ, ఫ్రిజ్జు కొనడానికొచ్చిన పెద్దాయనకి గ్రైండరు గుణగణాలు వర్ణించాను.

"అత్తా, ఆలకి నా ఫొటో పంపినావా?" అని అడిగాను.

"పంపినాన్రా. నీ కాలేజీనాటి ఫొటో."

"అందులో నాకు జుట్టుంది కదే!"

"అందుకే కదేట్రా పంపినాను!"

పెళ్ళిచూపులు పదకొండు రోజుల్లో. ఫొటోలో ఉన్నవాడు ఒకడు, వెళ్ళబోయేవాడు ఇంకొకడు. ఫోన్లో ఇంటర్నెట్టు అప్పుడే చవకై, ఊళ్ళో ప్రతివాడూ సగం డాక్టరైపోయిన రోజులవి. నేనూ ఫోను తీసి వెతికాను. జుట్టు రాలడానికీ విటమిన్ డి తక్కువ కావడానికీ సంబంధం ఉండవచ్చునట. వెంటనే రక్తం ఇచ్చి పరీక్ష చేయించుకున్నాను. నిజంగానే తక్కువ! ఏనుగెక్కినంత సంబరంతో ఆ కాగితం పట్టుకుని డాక్టరుగారి దగ్గరికి పరిగెత్తాను.

ఆయన కాగితం చూసి, "సముద్రం ఒడ్డున పుట్టి నీకు ఎండ కరువేటయ్యా!" అన్నారు.

"ఏసీ కొట్లో పనండి. పొద్దున్న లోపలికెల్తే చీకటికే బయటికండి. జుట్టు దీనివల్లే రాలిపోతందాండి?"

"చూడు బాబూ, జుట్టు రాలేవాళ్ళలో కొంతమందికి ఈ విటమిన్ తక్కువగా ఉంటోందంటున్నారు. సంబంధం ఉండొచ్చు. దీనివల్లే అది అని మాత్రం ఇంకా తేలలేదు. నీ నెత్తి చూస్తే వంశంలోంచి వచ్చినట్టుంది. మీ నాన్నకి జుట్టుందా?"

"లేదండి."

"తాతకి?"

"ఆయనకీ లేదండి."

"మరింకేటి? వారానికో పొట్లం పాలల్లో కలుపుకుని తాగు. ఎముకలకి మంచిది. ఇది మోకాలికి పనికొచ్చే మందు. నువ్వు బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నావు."

ఆయన అంత వివరంగా చెబితే, నా చెవికెక్కినవి రెండే మాటలు: సంబంధం ఉండొచ్చు! పొట్లాలు ఎనిమిది వారాలు తాగాలి. నాకా, పదకొండు రోజులే ఉన్నాయి. అందుకని సొంత వైద్యం ఆలోచించాను. విటమిన్ ఎండలోంచి వస్తుంది. జుట్టు నెత్తి మీద మొలుస్తుంది. మరి ఎండని నేరుగా నెత్తికే పట్టిస్తే మధ్యలో పాలెందుకు, పొట్లాలెందుకు? చేప కాలేయం నూనెలో కూడా ఈ విటమిన్ ఉంటుందని ఫోను చెప్పింది. మా నాన్న పాత తెప్పకి పూయగా మిగిలిన సొరచేప నూనె డబ్బా పెరట్లో ఉండనే ఉంది. తెలివంటే అదీ!

షాపుకి వారం సెలవు పెట్టాను. రోజూ మిట్టమధ్యాహ్నం నెత్తికి ఆ నూనె దట్టంగా పట్టించి, ఒడ్డున మా అమ్మ వలలు పరిచి కవళ్ళ చేపలు ఎండబెట్టేచోట వాటి పక్కనే కూర్చునేవాణ్ణి. ఆ చోటు ఎందుకంటే, అక్కడ ఆ వాసన ఎవరూ పట్టించుకోరు.

"ఒరే, ఉజ్జోగం మానేసి సేపలకి కాపలా ఏట్రా?" అంది అమ్మ.

"వైద్యమమ్మా. నీకు తెల్దు."

"నాకు తెల్దుగానీ కాకులకి తెలిసినట్టున్నాది. సేపలొగ్గేసి నీ సుట్టూరే తిరగతన్నాయి."

ఐదో రోజు కొంప మునిగింది. రాత్రంతా జుట్టు గురించిన దిగులుతో నిద్రలేదేమో, సముద్రపు గాలికి కన్ను మూతపడింది. కుడిచెయ్యి తలకింద పెట్టుకుని కవళ్ళ వరసలో నేనూ ఒక చేపలా పడుకున్నాను. రెండు గంటల తర్వాత, కాకుల్ని తోలడానికి కర్ర పుచ్చుకుని వచ్చిన అమ్మ కేక వినబడింది.

"ఓలమ్మో! ఓలయ్యా, బెగి రా! నీ కొడుకు మాడిపోనాడు!"

లేచి చూసుకుంటే ఎడమపక్క నెత్తీ చెంపా చెవీ కుతకుతలాడుతున్నాయి. కుడిపక్క మాత్రం ఏసీ షోరూములోంచి అప్పుడే వచ్చినట్టు చల్లగా ఉంది. సంగతంతా చెప్పక తప్పలేదు. నాన్న విన్నాడు. మెల్లగా తన తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి, సముద్రపు గులకరాయిలా మెరిసే నెత్తిని నా ముందుకు వంచాడు.

"సూడ్రా. నలబయ్యేళ్ళు ఎండలోనే ఏట సేసినాను. ఎండకే జుట్టు మొలిస్తే, ఈపాటికి మీ అమ్మ నాకు రోజూ జడెయ్యాల్రా!"

ఇరవై ఎనిమిదేళ్ళుగా నా కళ్ళెదుటే తిరుగుతున్న ఆ నెత్తి, ఫోన్లో తల దూర్చిన నాకు మాత్రం కనబడలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. నాన్నే నవ్వుతూ మజ్జిగ తెప్పించి, తన మోటు చేతులతో ఎంత మెత్తగా నా నెత్తికి పట్టించాడో ఇప్పటికీ మరిచిపోలేను.

ఆ తర్వాత నాలుగో రోజుకి, అంటే పెళ్ళిచూపుల నాటికి, ఎడమపక్క తోలంతా వెల్లుల్లి పొట్టులా లేస్తోంది. అమ్మ చేయించిన కుంకుడుకాయ స్నానాలకి నూనె కంపు లొంగలేదు. క్రికెట్ టోపీ ఒకటి చెవులదాకా లాక్కుని, మా అత్త వెంట గౌరి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళ వాకిట్లో ఎండుచేపల బుట్టలు చూసి, నా వాసన ఇందులో కలిసిపోతుందిలే అని ధైర్యం తెచ్చుకున్నాను.

"ఇంట్లో ఎండ లేదు కదా బాబూ, టోపీ తీసెయ్యండి," అన్నాడు గౌరి తండ్రి.

"జలుబండి."

"మార్చి నెల్లోనా?"

"పాత జలుబండి."

మనుషుల్ని నమ్మించగలిగానేమోగాని, ఆ ఇంటి పిల్లిని నమ్మించలేకపోయాను. అది బుట్టల్లో సరుకుని కన్నెత్తి చూడకుండా నేరుగా వచ్చి, నా ఒళ్ళోకి, ఒళ్ళోంచి భుజం మీదికి ఎక్కి, టోపీ అంచు నాకడం మొదలుపెట్టింది. దాన్ని తోయబోయాను. పిల్లి ఒక పక్కకి, టోపీ ఒక పక్కకి పడ్డాయి. మా అత్త కళ్ళు మూసుకుంది.

గౌరి టీ పళ్ళెం కింద పెట్టి, దగ్గరికొచ్చి, సరుకు చూసినట్టు నా తల చుట్టూ తిరిగి చూసింది.

"ఎండలో పొడుకున్నారా?"

"ఊఁ."

"సొర నూనె కూడా రాసినట్టున్నారు."

"ఊఁ."

"ఎందుకండీ?"

ఇంక దాచడానికి నెత్తి మీద ఏమీ మిగల్లేదు. విటమిన్, ఫొటో, పదకొండు రోజులు, అన్నీ చెప్పేశాను. "మీకు నచ్చాలని," అన్నాను చివర్న, తల దించుకుని.

"ఆ ఫొటో సూసి ఎంత నవ్వుకున్నానో! మీరు వంగుని మిక్సీ బిల్లు రాస్తంటే, నా కళ్ళెదురుగా ఉన్నాది మీ నెత్తే కదండీ."

"తెలిసే రమ్మన్నారా?"

"మూడు మిక్సీలు తిప్పి పంపినా ఇసుక్కోలేదు మీరు. అందుకు రమ్మన్నాను."

నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మంట వల్ల అని అందరికీ చెప్పాను. గౌరి తండ్రి గొంతు సవరించుకుని, "అయితే ఏటంతావమ్మా?" అని అడిగాడు.

"సరుకు మంచిదే నాన్నా. ఒక పక్కే ఎండినాది," అంది గౌరి. "రెండో పక్క నాను తిరగేసుకుంతాను."

ఇప్పుడు నా నెత్తి, మా నాన్న నెత్తి పక్కపక్కన పెడితే ఏది ఎవరిదో మా అమ్మే పోల్చుకోలేదు. డాక్టరు చెప్పిన పొట్లాలన్నీ బుద్ధిగా తాగాను. మోకాళ్ళు దివ్యంగా ఉన్నాయి. కాబట్టి సముద్రం సాక్షిగా, ఆ పిల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: డాక్టరు చెప్పిన మాట ఇక జన్మలో సగం విని లేచిరాను, తెప్పకి పూసే నూనె తలకి పూయను, మిట్టమధ్యాహ్నం ఒడ్డున ఒంటరిగా నడుం వాల్చను. ఎప్పుడైనా వాల్చక తప్పకపోతే, గంటకోసారి తిరగెయ్యడానికి గౌరిని పక్కన కూర్చోబెట్టుకునే వాలుస్తాను.